బడిలో తెర: యాభై ఏళ్లలో ఎవరికి అందింది, ఎవరికి అందలేదు

1975 ఆగస్టు 1న ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెల్లో టీవీ పాఠాలు మొదలయ్యాయి. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 పంపే బొమ్మను దాదాపు మూడు మీటర్ల జాలీ డిష్ నేరుగా పట్టుకునేది. టీవీ సెట్లు హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ కార్యక్రమాలు వచ్చేవి. ‘సైట్’ అని పిలిచిన ఆ ప్రయోగం సరిగ్గా ఏడాది నడిచి 1976 జులై 31న ఆగిపోయింది. ఉపగ్రహం అరువుది, గడువు తీరింది.

బడిలో సాంకేతికత ఎవరికి అందుతోంది అని ఇవాళ జరుగుతున్న వాదనను అక్కడి నుంచే చూడాలి. సైట్ కోసం వెనకబడిన ప్రాంతాల పల్లెలనే ఏరి తీసుకున్నారు. ఒకే బొమ్మకు రెండు ధ్వనులు జోడించి పంపే వీలు ఆ ఉపగ్రహంలో ఉంది కాబట్టి ఒకే దృశ్యాన్ని రెండు భాషల్లో వినిపించవచ్చు. ఎవరికి అందడం లేదు, ఏ భాషలో అందాలి అన్న ప్రశ్నలు పథకం గీసేటప్పుడే వేసుకున్నారన్నమాట. తర్వాతి పథకాల్లో ఆ ప్రశ్నలు వెనక్కి పోయి, ఎన్ని కొన్నాం అన్న లెక్క ముందుకొచ్చింది.

1984-85లో కేంద్రం ‘క్లాస్’ పథకం కింద ఎంపిక చేసిన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఆదేశాలన్నీ ఇంగ్లిషులోనే, కాబట్టి ఇంగ్లిషు వచ్చిన బడికే అవి పనికొచ్చాయి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి చదువుకోసమే ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని పంపారు. ఆరేళ్లకు అది పని ముగించింది.

ఉమ్మడి రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద అడుగు 2008లో పడింది. అయిదు వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ గదులు పెట్టారు. కంపెనీ సామాను తెచ్చి, బోధకుణ్ణి పెట్టి, అయిదేళ్లు నడిపి, ఆపై బడికి అప్పగించి వెళ్లిపోవాలన్నది ఒప్పందం. లోపం ఆ ఒప్పందంలోనే ఉంది. కంప్యూటర్ పాఠం బయటి బోధకుడిది, లెక్కలూ సైన్సూ బడి టీచర్లవి. రెంటికీ ముడి పడలేదు. గడువు ముగియగానే బోధకులు వెళ్లారు, గదికి తాళం పడింది. కేరళ ఇందుకు భిన్నంగా తన టీచర్లకే శిక్షణ ఇచ్చి, ఉచిత సాఫ్ట్‌వేర్ వాడి, పాఠం వాళ్ల చేతిలోనే ఉంచింది.

తాళం పడిన గదిలో ఏం పాడవుతుందో తెలిస్తే బాగు చేయడం తేలిక. ముందు పోయేది యూపీఎస్ బ్యాటరీ. ఛార్జింగ్ లేకుండా నెలల తరబడి వదిలేస్తే లోపలి సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పట్టదు. వేసవి సెలవుల్లో కూడా నెలకోసారి కొన్ని గంటలు కరెంటు ఇవ్వాలి. రెండోది మదర్‌బోర్డు మీది నాణెం ఆకారపు బ్యాటరీ. అది అయిపోతే కంప్యూటర్ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, దాంతో వెబ్‌సైట్లు సురక్షితం కాదంటూ తెరుచుకోవు. ఇంటర్నెట్ పోయిందని పక్కన పెట్టే యంత్రాన్ని ఆ చిన్న బ్యాటరీ మార్చి, తేదీ సరిచేసి నడిపించవచ్చు.

సమయం లెక్క ఇంకా ముఖ్యం. పది కంప్యూటర్లు, నలభై మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్ అనుకుందాం. వరుస కట్టి కూర్చుని యంత్రాలు తెరుచుకునేసరికి పది నిమిషాలు పోతాయి. మిగిలిన 35 నిమిషాలను నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి తొమ్మిది నిమిషాలు కూడా రావు. మామూలుగా అలా సమంగా పంచుకోరు కూడా. మౌస్ చొరవ ఉన్నవాడి చేతిలో ఉండిపోతుంది, మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు. ఎనిమిది నిమిషాలకోసారి గంట కొట్టి మౌస్ చేతులు మార్చాలి. ఎవరి వంతు ఎప్పుడు వచ్చిందో కాగితం మీద రాసి పెట్టాలి. నెల తర్వాత ఆ కాగితం చూస్తే వంతు తప్పుతున్నది ఎవరికో తెలుస్తుంది.

భాష దగ్గర జరిగిన నష్టం అంతగా కళ్లకు కనబడదు. ఏ కంప్యూటర్‌లోనైనా ఒక్కో అక్షరానికి ఒకే సంకేతం ఉండాలన్న అంతర్జాతీయ ఏర్పాటు యూనికోడ్. తెలుగు 1991లోనే అందులో చేరింది. అయినా మన డీటీపీ, అంటే పుస్తకాల అక్షరకూర్పు, ఏళ్ల తరబడి అను ఫాంట్ల మీదే నడిచింది. ఆ ఫాంట్లలో తయారైన పీడీఎఫ్ కంటికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులే. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ను చూపు లేని పిల్లవాడు వాడతాడు. అది దాన్ని చదివితే అర్థం లేని శబ్దాలు వస్తాయి. పరీక్షించడం ఒక్క నిమిషం పని: పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు తెలుగులాగే వస్తే సరే. పిచ్చిగీతలు వచ్చినా, అసలు కాపీయే కాకపోయినా ఆ పాఠం ఆ పిల్లవాడికి లేనట్టే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమ్మిళిత విద్య హక్కు ఇచ్చింది. పుస్తకం మొదటే యూనికోడ్‌లో టైపు చేయకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది.

ఉమ్మడి రాష్ట్రమే రెండు దశాబ్దాల కిందట సవర, కోయ, గోండి, కొలామి వంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు తెలుగు లిపిలో వాచకాలు తెచ్చింది. అంత మంచి పని డిజిటల్ పాఠాల్లోకి అదే స్థాయిలో రాకపోవడం బాధాకరం.

2020 మార్చిలో బడులు మూతపడ్డాక దాగిన తేడాలన్నీ బయటపడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పిల్లలను మూడు వర్గాలుగా చూసింది: ఇంటర్నెట్, పరికరం ఉన్నవాళ్లు, టీవీ రేడియో మాత్రమే ఉన్నవాళ్లు, ఏదీ లేనివాళ్లు. సైట్ తర్వాత పోయిన ప్రశ్న తిరిగి వచ్చింది కాబట్టి ఈ విభజన మంచి ఆలోచనే. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానళ్లు టీ-శాట్ ద్వారా పాఠాలు నడిచాయి. ఫోనులో పాఠం పంపే టీచర్లు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 32 కేబీపీఎస్‌లో రికార్డు చేసిన పది నిమిషాల ఆడియో 2.4 ఎంబీ. అదే పాఠం వీడియోగా పంపితే దానికి ఎన్నో రెట్లవుతుంది. రోజుకు పరిమిత డేటా ఉన్న ఒకే ఫోను, అదీ నాన్న పని నుంచి వచ్చాక సాయంత్రం దొరికే ఇంటికి, ఆడియోతో పాటు ఒక ఫొటో పంపడమే న్యాయం.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబ్‌లు ఇచ్చింది. ఆ కంపెనీ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పరికరం పిల్లవాడిదే, పాఠం మాత్రం కంపెనీది. ఒప్పందం ముగిశాక పాఠాలు బడి దగ్గరే ఉంటాయా, పిల్లల జవాబుల వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి అన్నవి టెండర్‌లోనే రాయించుకోవాల్సిన మాటలు.

ఫోన్ల కొరత తగ్గింది, తేడా పోలేదు. గ్రామీణ విద్యపై జరిగే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం 14-16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. దాన్ని వాడడం వచ్చిన పిల్లల్లో సొంత ఫోను ఉన్నవాళ్లు అబ్బాయిల్లో 36.2 శాతమైతే అమ్మాయిల్లో 26.9 శాతమే. ఇంటిపనిని ఫోనులోనే ఇచ్చే బడి ఈ తేడాను మార్కుల్లోకి ఎక్కిస్తుంది. అదే పని కాగితం మీద చేసినా సమానంగా మార్కులు వేయాలి.

ఇప్పుడు పిల్లలు పైకి చదివేది విని తప్పులు పట్టే ఏఐ ఉపకరణాలు ప్రాథమిక బడుల గుమ్మం దాకా వచ్చాయి. కొనేముందు ముగ్గురు పిల్లలను కూర్చోబెట్టండి: ఇంట్లో గోండి మాట్లాడే ఉట్నూరు పిల్ల, సిక్కోలు యాస పిల్లవాడు, నత్తి ఉన్న పిల్లవాడు. తెలిసిన పేరానే చదివించండి. టీచర్ సరే అన్న ఎన్ని మాటలను యంత్రం తప్పంటుందో లెక్కపెట్టి రాసుకోండి, ఆ కాగితాన్ని కొనుగోలు ఫైల్లో పెట్టండి.