దూరపు గుడి, దగ్గర వాన

బంగారు కొండలకు, తాతయ్య దీవెనలు.

మీ ఉత్తరం అందింది. మొన్న రాత్రి మేడ మీద పక్కలు వేసుకున్నాక చందమామ చుట్టూ పెద్ద సున్నా చుట్టినట్టు కనిపించిందనీ, నానమ్మ చూసి "వరదగుడి కట్టిందర్రా, వానొస్తుంది" అన్నదనీ, రెండు రోజులు ఎదురుచూసినా చినుకు రాలలేదనీ రాశారు. "అయితే నానమ్మ చెప్పింది తప్పేనా?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ అసలు సంగతి ఒకటి రాయడం మరిచిపోయారు. ఆ గుడి చందమామకు ఎంత దూరంలో కట్టింది?

ఎందుకంటే సామెత ఇలా ఉంటుంది: "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన." గుళ్ళు రెండు రకాలు. ఏది కట్టిందో చూడకుండా వాన సంగతి తేల్చకూడదు.

సామెత మన వంటింటి మానిక లాంటిది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. చూడ్డానికి ఎక్కడైనా మానికే. కానీ పూర్వం ఒక ఊరి మానికకూ పక్క ఊరి మానికకూ పిడికెడు గింజలు తేడా వచ్చేవి. అంచుకు చేత్తో తుడిచి కొలిస్తే ఒక లెక్క, పైన గోపురంలా పోసి కొలిస్తే ఇంకో లెక్క. అందుకే కొలిచేముందు ఇది ఏ ఊరి మానిక, ఏ గింజకు, ఎలా కొలిచారు అని అడిగేవారు. సామెతనూ అలాగే అడగాలి.

గుడిని కొలవడానికి మీ చెయ్యే చాలు. చెయ్యి బారుగా చాచి, జాన పట్టినట్టు వేళ్ళు విప్పండి. బొటనవేలి కొస చందమామ మీద పెడితే చిటికెనవేలి కొస దగ్గర గుడి గీత తగులుతుందా? తగిలితే అది దూరపు గుడి. చందమామ నుంచి గీత దాకా సుమారు 22 డిగ్రీలు. మీ చేతులు చిన్నవే కదా అనుకోకండి. చెయ్యి పొట్టిదైతే జానా చిన్నదే, లెక్క సరిపోతుంది. అలా కాకుండా, చాచిన చేతి మూడు వేళ్ళ వెడల్పులోనే వలయం ఇమిడిపోయి, చందమామను అంటుకుని తెల్లగా, బయటి అంచు ఎర్రమట్టి రంగులో ఉంటే అది దగ్గర గుడి.

దూరపు గుడి కట్టేది నీళ్ళ మబ్బు కాదు, మంచు మబ్బు. ఆరేడు కిలోమీటర్లకు పైన పల్చని తెర పరిచినట్టు ఉంటుంది. అందులో మంచు పలుకులు ఆరు పలకల పెన్సిల్ ముక్కల్లా ఉంటాయి. వెన్నెల ఒక పలకలోంచి దూరి, పక్క పలకను వదిలి ఆ పైదానిలోంచి బయటికొచ్చేటప్పుడు కనీసం 22 డిగ్రీలు వంగుతుంది. అంతకు తక్కువ వంగే వీలు లేదు. అందుకే గుడి లోపలి ఆకాశం కాస్త నల్లగా, లోపలి అంచు గీసినట్టుగా ఉంటుంది. దగ్గర గుడి మాత్రం కిందుగా ఉండే పల్చని మబ్బుల్లోని సన్నని నీటి బిందువులు చేసే పని. ఆ మబ్బు మామూలుగా వాన మోసుకొచ్చేది కాదు. మంచు తెర మాత్రం చాలాసార్లు ఒక పెద్ద వాన వ్యవస్థకు ముందు అంచు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే దాని పై మబ్బు వందల కిలోమీటర్ల ముందే మన నెత్తి మీదికి వస్తుంది. సామెతలో దూరం, దగ్గర అలా తారుమారు కావడంలో ఉన్న రహస్యం అదే.

మరి వాన ఎందుకు రాలేదు? అంచు మన మీదికొచ్చినా వాయుగుండం ఒడిశా వైపు తిరిగిపోయి ఉండొచ్చు. ఎక్కడో కురిసి చెదిరిన ఉరుముల మబ్బు పైభాగం గాలికి ఇటు కొట్టుకొచ్చి ఉండొచ్చు. గుడి చెప్పేది పైన మంచు తెర ఉందనే. దాని వెనక ఏముందో మర్నాటి మబ్బు చెప్పాలి. తెర చిక్కబడి, మబ్బు కిందికి దిగుతూ, తూర్పు గాలి పెరిగితే బట్టలు లోపల వేసుకోండి. తెల్లారేసరికి తెర విడిపోతే వాన లేనట్టే.

వేరే ఊరి మానికకు ఒక ఉదాహరణ చెబుతాను. సాయంత్రం ఆకాశం ఎర్రబడితే మర్నాడు తెరిపి అని ఇంగ్లండులో గొర్రెల కాపరులు అనేవారు. బైబిల్లో మత్తయి సువార్తలోనూ ఇదే మాట ఉంది. అక్కడ వాతావరణం చాలావరకు పడమటి నుంచి వస్తుంది. పొద్దుగూకే వేళ పడమర ఎర్రగా వెలిగిందంటే అటు ఆకాశం తేటగా ఉన్నట్టు, రాబోయేదీ తేటే. మనకు ఆశ్వయుజ, కార్తీకాల్లో వాయుగుండాలు తూర్పున సముద్రం మీంచి వస్తాయి. పడమట ఎంత ఎరుపున్నా తూర్పు సంగతి దానికి తెలియదు. ఆ సామెత తప్పు కాదు, మన ఊరి కొలత కాదు, అంతే.

మన కార్తె సామెతలు మాత్రం మన నేలకు కొలిచి చేసినవి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు ఒక కార్తె. "పుబ్బలో పుట్టెడు చల్లేకంటే మఖలో మానెడు చల్లేది మేలు" అన్నారు. మఖ ఆగస్టు 17 ప్రాంతంలో వస్తుంది, పుబ్బ ఆ నెలాఖరున. కుంచానికి నాలుగు మానికలు, తూముకు నాలుగు కుంచాలు, పుట్టికి ఇరవై తూములు. గుణించి చూడండి: 320 మానికలు! రెండు వారాలు ఆలస్యమైతే 320 రెట్లు విత్తనం పోసినా పూడదన్నమాట. రైతు గుండె మంట అది. వానమీదే ఆధారపడిన చేనుకు ఆలస్యంగా విత్తితే గింజ పాలుపోసుకునే వేళకు నైరుతి వానలు వెనుదిరుగుతాయి. విత్తనం ఎక్కువ చల్లితే మొక్కలు ఒత్తుగా మొలిచి, ఉన్న కాస్త తేమనూ ఇంకా త్వరగా పీల్చేస్తాయి. కాలువ నీళ్ళున్న పొలానికి ఈ మానిక అక్కర్లేదు.

మానికకు సొట్ట పడటం కూడా ఉంది. జర్మనీలో జూన్ 27న ఎలా ఉంటే ఏడు వారాలు అలాగే ఉంటుందంటారు. 1582లో పంచాంగం సరిచేసి పది రోజులు తీసేశారు. కాబట్టి ఆ పాత రోజు ఇప్పుడు జూలై 7 దగ్గర పడుతుంది, సామెత అప్పుడే మెరుగ్గా పలుకుతుంది. మన కార్తెలూ రుతువులతో పోలిస్తే సుమారు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున వెనకబడుతున్నాయి.

ఒక్క సంగతి మాత్రం ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే. మీరిద్దరూ పక్కపక్కనే నిలబడినా ఒకే గుడిని చూడటం లేదు. నీ కంటికి వెన్నెల పంపే మంచు పలుకులు వేరు, చెల్లి కంటికి పంపేవి వేరు.

ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, కార్తె, జాన గుడా మూడు వేళ్ళ గుడా, గాలి ఎటునుంచి, రెండు రోజుల్లో వాన పడిందా లేదా, ఇవి రాయండి. పడని రోజులు తప్పకుండా రాయాలి. పగలు సూర్యుడి చుట్టూ కూడా గుడి కడుతుంది కానీ సూర్యుణ్ణి నేరుగా చూడకండి. గోడ చాటున నిలబడి, సూర్యుణ్ణి గోడ వెనక దాచి చూడాలి. పున్నమికి ముందు మూడు రాత్రులు, తర్వాత మూడు రాత్రులు మేడ ఎక్కండి. నానమ్మను కూడా పిలవండి, ఆవిడ జానతోనూ కొలిపించి నాకు రాయండి.

మీ తాతయ్య