ఆరో స్థానమా, ఏడో స్థానమా?

ములుగు నుంచి బీఎస్సీ చదువుతున్న ఒక అమ్మాయి మంచి ప్రశ్న పంపింది. వాళ్ల ఇంట్లో ఒకరికి సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్ష చేయించారట. తన పుస్తకంలో ‘ఆరో స్థానంలో మ్యుటేషన్’ అని ఉంది. రిపోర్టులో ‘ఏడో స్థానంలో వేరియంట్’ అని వచ్చింది. జబ్బులు రెండా? ల్యాబ్ వాళ్లు పొరపాటు పడ్డారా? దాని కిందే ఇంకో సందేహం రాసింది. మనుషుల విషయంలో ‘హెర్మాఫ్రొడైట్’ (ద్విలింగి) అనే మాట ఇప్పుడు వాడకూడదని లెక్చరర్ చెప్పారు, వానపాము పాఠంలో మాత్రం అదే మాట ఉంది. ఎందుకిలా?

జబ్బు ఒక్కటే. పుస్తకం తప్పు కాదు, ల్యాబ్ కూడా తప్పు కాదు. డీఎన్ఏ అంటే ఏమిటో ఇక్కడ మళ్లీ చెప్పను, పదో తరగతి పుస్తకంలో బాగానే ఉంది. ఆరు ఏడుగా ఎలా మారిందన్నది నాకు చాలా ఇష్టమైన కథ. దానితోనే మొదలుపెడతాను.

1957లో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇన్‌గ్రామ్, సికిల్ సెల్ రోగుల హిమోగ్లోబిన్‌లో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన ఒక చోట వాలీన్ అనే మరో అమైనో ఆమ్లం ఉందని చూపించాడు. హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గొలుసు అనే ప్రొటీన్‌ను మొదటి నుంచి లెక్కపెడితే ఆ చోటు ఆరోది. అప్పట్లో జన్యువును నేరుగా చదివే పద్ధతి లేదు. రక్తం నుంచి తీసిన ప్రొటీన్‌ను ముక్కలు చేసి చూడటమే మార్గం. అయితే కణం ఈ ప్రొటీన్‌ను తయారుచేసేటప్పుడు మొట్టమొదట మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని పెట్టి, తర్వాత దాన్ని కత్తిరించేస్తుంది. రక్తంలో దొరికే ప్రొటీన్‌లో అది ఉండదు. జన్యువులో మాత్రం దాని కోడ్ ఉంటుంది. జన్యువు వైపు నుంచి లెక్కపెట్టడం మొదలయ్యాక మెథియోనిన్ ఒకటో నంబరు అయింది, ఆరోది ఏడోది అయింది.

మన ఊళ్లలో రీసర్వే జరిగి సర్వే నంబర్లు మారినప్పుడు ఏమవుతుందో రైతులకు చెప్పనక్కర్లేదు. బావి అక్కడే ఉంటుంది, గట్టు అక్కడే, గట్టు మీది వేపచెట్టు అక్కడే. పాత పహాణీలో ఒక నంబరు, కొత్త పాస్‌బుక్‌లో ఇంకో నంబరు. బ్యాంకు లోను, కోర్టు కేసు, తాతల నాటి కాగితం అన్నీ పాత నంబరు మీదే ఉంటాయి కాబట్టి రెండు నంబర్లూ తెలిసుండాలి. జన్యుశాస్త్రంలోనూ అచ్చం ఇంతే. ఊరి నక్షా లాగా ప్రతి జన్యువుకూ అందరూ ఒప్పుకున్న ఒక మూల క్రమం ఉంటుంది. స్థానం చెప్పాలంటే ఏ నక్షా ప్రకారమో చెప్పాలి. నక్షా ఏదో చెప్పకుండా నంబరు మాత్రం చెబితే అది ఎవరి చెలకో తెలియదు.

రిపోర్టులో ‘సి.20ఎ>టి’ అని కూడా ఉంటుంది. లెక్కపెట్టి చూడండి. బీటా గ్లోబిన్ జన్యువులో ప్రొటీన్ కోడ్ ఇలా మొదలవుతుంది: ఎటిజి, జిటిజి, సిఎటి, సిటిజి, ఎసిటి, సిసిటి, జిఎజి. ఒక్కో ముక్కలో మూడు అక్షరాలు. ఆరు ముక్కలకు పద్దెనిమిది. ఏడో ముక్క జిఎజిలో మధ్య అక్షరం ఇరవయ్యోది. అక్కడ ‘ఎ’ పోయి ‘టి’ వస్తే జిటిజి అవుతుంది, అంటే వాలీన్. ఏళ్ల తరబడి కీళ్లనొప్పులతో, రక్తహీనతతో ఒక పిల్లాడు పడే బాధకు మూలం ఈ ఒక్క అక్షరం. చేత్తో లెక్కపెట్టి అక్కడికి చేరుకోవచ్చు. ప్రతి కాలేజీలోనూ బోర్డు మీద దీన్ని ఒకసారి లెక్కపెట్టించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. గైడులో ‘ఆరో స్థానం’ అని బట్టీపట్టిన పిల్లలు రిపోర్టు చూసి భయపడటానికి కారణం ఈ లెక్క ఎవరూ చేయించకపోవడమే.

ఇక మ్యుటేషన్ సంగతి. 1869లో విల్‌హెల్మ్ వాగెన్ అనే జర్మన్ శిలాజ శాస్త్రవేత్త ఈ మాటను అమ్మోనైట్లు అనే పాతకాలపు సముద్ర జీవుల శిలాజాల కోసం వాడాడు. ఒక పొర నుంచి పై పొరకు వెళ్తుంటే ఆ గవ్వల ఆకారంలో కనిపించే నెమ్మది మార్పు అతని మ్యుటేషన్. ఈయనే తర్వాత భారత భూగర్భ సర్వేలో చేరి కచ్ అమ్మోనైట్ల మీద పనిచేశాడు. 1901లో హ్యూగో డి వ్రీస్ అదే మాటకు పూర్తిగా వ్యతిరేకార్థం ఇచ్చాడు. హాలండ్‌లో పాడుబడ్డ ఆలుగడ్డ చేనులో ఈవినింగ్ ప్రింరోజ్ మొక్కల మధ్య కొత్త రకాలు ఒక్కసారిగా కనిపించడం చూసి, కొత్త జాతి ఒక్క గెంతులో పుడుతుందని, ఆ గెంతే మ్యుటేషన్ అని అన్నాడు. తర్వాత క్రోమోజోములు లెక్కపెడితే, ఆయన ‘గైగాస్’ అన్న పెద్ద మొక్కలో 14కు బదులు 28 ఉన్నాయి. ‘లాటా’లో 15 ఉన్నాయి. ఏ జన్యువులోనూ అక్షరం మారలేదు. 1910లో మోర్గాన్ అనే శాస్త్రవేత్త తెల్లకళ్ల పండు ఈగను చూశాక మ్యుటేషన్ అంటే ఒక జన్యువులో వచ్చే మార్పు అయింది. 1927లో ముల్లర్ ఎక్స్ కిరణాలతో ఆ మార్పును కావాలని తెప్పించాడు.

అక్కడి నుంచి వైద్యులు ఒక గీత గీసుకున్నారు. జనాభాలో నూటికి ఒకటి కన్నా తక్కువగా కనిపించే మార్పు మ్యుటేషన్, అంతకన్నా ఎక్కువైతే పాలిమార్ఫిజం. మ్యుటేషన్ అంటే చెడు, పాలిమార్ఫిజం అంటే హానిలేనిది అనే అర్థం కూడా దానికి అంటుకుంది. సికిల్ సెల్ దగ్గర ఈ గీత చెరిగిపోతుంది. మలేరియా ఉన్న చోట సికిల్ జన్యువు ఒక్క కాపీ ఉన్నవాళ్లకు కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ అల్లిసన్ చూపించాడు. అందుకే మలేరియా అడవుల్లో అది తరతరాలుగా నిలిచింది. ఉట్నూరు ఏజెన్సీలోని ఆదివాసీ సమూహాల్లో ఈ జన్యువు నూటికి ఒకటి అనే హద్దును దాటే ఉంటుంది. అంటే అదే అక్షరం, అదే నొప్పి. ఒక చోట మ్యుటేషన్, ఉట్నూరులో పాలిమార్ఫిజం! ఇలాంటి నిర్వచనంతో ఏ డాక్టరు రోగికి ఏం చెప్పగలడు?

2015లో అమెరికా వైద్య జన్యుశాస్త్ర సంఘాలు రెండు మాటలనూ పక్కన పెట్టమన్నాయి. ఏ మార్పునైనా ముందు ‘వేరియంట్’ అనండి, తర్వాత అది ఏం చేస్తుందో ఐదు తరగతుల్లో చెప్పండి అన్నాయి: జబ్బు కలిగించేది, కలిగించే అవకాశం ఎక్కువున్నది, ఇంకా తేలనిది, హాని లేకపోయే అవకాశం ఎక్కువున్నది, హానిలేనిది. అరుదా కాదా అన్నది ఒక సంగతి, హాని చేస్తుందా లేదా అన్నది వేరే సంగతి. పాత మాటలు ఈ రెంటినీ కలిపేశాయి. రిపోర్టులో ‘ఇంకా తేలనిది’ అని వస్తే టెన్షన్ పడి చికిత్స మొదలుపెట్టాల్సిన పనిలేదు. ఆధారాలు పెరిగేకొద్దీ ఆ తరగతి మారవచ్చు. పరీక్షలో మాత్రం పుస్తకంలోని మాటే రాయండి. అది పాతబడ్డ మాటే కానీ తప్పు కాదు. పరిశోధనలో, వ్యవసాయంలో మ్యుటేషన్ అని ఇప్పటికీ అంటారు.

లింగానికి సంబంధించిన మాటల చరిత్ర ఇంకా గజిబిజి. 1891లో హెర్మన్ హెంకింగ్ ఒక ఎర్ర నల్లి శుక్రకణాలను సూక్ష్మదర్శినిలో చూస్తున్నాడు. వరంగల్ పత్తి చేలల్లో పగిలిన కాయల మీద గుంపులుగా కనిపించే ఎర్ర పురుగులదీ అదే కుటుంబం. సగం శుక్రకణాల్లోకే వెళ్తున్న ఒక ముక్క కనిపించింది. అదేమిటో తెలియక ‘ఎక్స్’ అని రాసుకున్నాడు. ఆ తర్వాత దాన్ని ఒకరు అదనపు క్రోమోజోమ్ అన్నారు, ఒకరు హెటెరోక్రోమోజోమ్ అన్నారు, ఇంకొకరు ఇడియోక్రోమోజోమ్ అన్నారు. 1902లో మెక్‌క్లంగ్ అది లింగాన్ని నిర్ణయిస్తుందని సరిగ్గానే ఊహించాడు, కానీ అది మగను చేస్తుందని తలకిందులుగా చెప్పాడు. 1905లో నెట్టీ స్టీవెన్స్ పిండిపురుగుల్లో లెక్క తేల్చింది. ఆడ పురుగు కణాల్లో ఇరవై పెద్ద క్రోమోజోములు, మగ పురుగు కణాల్లో పంతొమ్మిది పెద్దవి, ఒక చిన్నది. చిన్నది అందిన శుక్రకణం నుంచి మగ పురుగు, పెద్దది అందితే ఆడ పురుగు. అదే ఏడు విల్సన్ కూడా అటువంటి ఫలితాలే ప్రకటించాడు. వై అనే పేరు తర్వాత వచ్చింది, ఎక్స్ పక్క అక్షరం కాబట్టి.

నూట ఇరవై ఏళ్ల కిందటే తేలిన విషయం ఇది. అయినా ఆడపిల్ల పుడితే కోడలిని సాధించే ఇళ్లు ఇంకా ఉన్నాయి, మగపిల్లాడి కోసం తాయెత్తులు కట్టే వాళ్లూ ఉన్నారు. మనుషుల్లో ఎక్స్ వెళ్లిందా వై వెళ్లిందా అన్నది తండ్రి శుక్రకణం వల్లే తేలుతుంది, అది కూడా అతని ఇష్టంతో కాదు. ఈ ఒక్క పాఠం సరిగా చెప్పినా ఎన్నో ఇళ్లలో ఏడుపులు తగ్గుతాయి.

అయితే ఎక్స్, వై అనే పేర్లు అన్ని జీవుల్లోనూ ఒకే పని చెబుతాయనుకోవద్దు. ఎక్స్ రెండు, వై ఒకటి ఉన్న ఈగ ఆడది. అదే అమరిక ఉన్న మనిషి మగవాడు. మనుషుల సంగతి 1959లో తేలింది. అప్పుడు వై మీద ఏదో ‘వృషణ నిర్ణాయక కారకం’ ఉండాలని పేరు ముందే పెట్టేశారు, వస్తువు దొరక్కుండానే. 1970లలో అది హెచ్‌-వై యాంటిజెన్ అనుకున్నారు, కాదని తేలింది. 1987లో జడ్‌ఎఫ్‌వై అనే జన్యువు అనుకున్నారు, అదీ కాదు. 1990లో అసలు జన్యువు ఎస్‌ఆర్‌వై దొరికింది. ఆ మరుసటి ఏడు దాన్ని రెండు ఎక్స్‌లున్న ఎలుక పిండంలో పెడితే మగ ఎలుక పుట్టింది.

ఎస్‌ఆర్‌వై ప్రొటీన్‌లో 204 అమైనో ఆమ్లాలు. మనిషి పిండంలో ఆరేడు వారాలప్పుడు, ఇంకా అండాశయమో వృషణమో కాని దశలో, అది సాక్స్9 అనే మరో జన్యువును లేపుతుంది. ఆపై పనంతా సాక్స్9ది. 2018లో ఎలుకల్లో ఇంకో విచిత్రం బయటపడింది. సాక్స్9కి ఐదున్నర లక్షల అక్షరాలకు పైగా దూరంలో 557 అక్షరాల ముక్క ఒకటుంది. దాన్ని తీసేస్తే ఎక్స్, వై రెండూ ఉన్న ఎలుకల్లో కూడా అండాశయాలే వచ్చాయి. ఎస్‌ఆర్‌వై చెక్కుచెదరలేదు, సాక్స్9 కూడా చెక్కుచెదరలేదు. మార్పు రెండింటిలోనూ లేదు, దూరంగా ఉన్న ముక్కలో ఉంది. గోదావరి ఒడ్డున శివ్వారం అభయారణ్యంలో మొసళ్లకైతే లింగ క్రోమోజోములే లేవు. గుడ్లు 32.5 డిగ్రీల్లో పొదిగితే మగవి, 30 డిగ్రీల్లో ఆడవి.

ఇక హెర్మాఫ్రొడైట్. వానపాములో, బొప్పాయి ద్విలింగ పువ్వులో ఈ మాట సరైనదే, రెండు రకాల అవయవాలూ పనిచేస్తాయి కాబట్టి. మనుషుల్లో అలా రెండూ పనిచేసే స్థితి ఉండదు. అయినా 1876లో ఎడ్విన్ క్లెబ్స్ లోపల ఉన్నది వృషణమా, అండాశయమా అన్నది మాత్రమే చూసి మనుషులను ‘నిజ’, ‘మిథ్య’ హెర్మాఫ్రొడైట్లుగా విడదీశాడు. ఆ లెక్కన పుట్టినప్పటి నుంచి అమ్మాయిగా పెరిగి, రజస్వల కాలేదని ఆసుపత్రికి వస్తే లోపల వృషణాలున్నట్టు తేలిన యువతికి ‘మగ మిథ్యా హెర్మాఫ్రొడైట్’ అనే ముద్ర పడేది. ఇంతకన్నా క్రూరమైన వైద్య పదం ఉంటుందా?

1953లో ఇదే స్థితికి ‘వృషణ స్త్రీకరణ’ అని కొత్త పేరు వచ్చింది. వృషణాలే శరీరాన్ని స్త్రీగా మారుస్తున్నాయన్నట్టు ఆ పేరు చెబుతుంది. జరిగేది వేరు. వృషణాలు టెస్టోస్టిరాన్‌ను మామూలుగానే తయారుచేస్తాయి. దాన్ని అందుకోవాల్సిన గ్రాహకం, అంటే ఎక్స్ మీది ఏఆర్ జన్యువు చేసే ప్రొటీన్, స్పందించదు. కొంత టెస్టోస్టిరాన్ ఈస్ట్రోజెన్‌గా మారి రొమ్ములు పెరుగుతాయి. వృషణాల నుంచే వచ్చే మరో హార్మోను మామూలుగా పనిచేయడంతో గర్భాశయం ఏర్పడదు. ఇది తెలిశాక పేరు ‘ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ’ అయింది. 2006లో వైద్యులు హెర్మాఫ్రొడైట్ పదాలన్నిటినీ వదిలేసి ‘డిజార్డర్స్ ఆఫ్ సెక్స్ డెవలప్‌మెంట్’ అన్నారు. ‘డిజార్డర్’ కూడా ముద్రేనని ఆ స్థితితో జీవిస్తున్నవాళ్లు చాలామంది అన్నారు, అందుకే ఇప్పుడు ‘డిఫరెన్సెస్’ అనే వాళ్లు పెరిగారు. నా మటుకు నేను వాళ్ల మాటకే ఓటు వేస్తాను.

ఇవాళ ఆ యువతి రిపోర్టులో ‘ఏఆర్ జన్యువు, పాథోజెనిక్ వేరియంట్’ (జబ్బు కలిగించే తరగతి) అని ఉంటుంది. అక్కడా నంబర్ల పేచీ ఉంది. ఈ జన్యువులో గ్లుటామిన్ అనే అమైనో ఆమ్లం కోడ్ వరసగా వచ్చే భాగం ఒక్కో మనిషిలో ఒక్కో పొడవు ఉంటుంది. పాత మూల క్రమంలో మొత్తం ప్రొటీన్ 919 అమైనో ఆమ్లాలు, ఇప్పుడు వాడేదాంట్లో 920. కాబట్టి పాత పరిశోధన పత్రంలో 855 అని ఉన్నది ఇప్పటి రిపోర్టులో 856 అవుతుంది. రెంటినీ పోల్చే డాక్టరు ముందు చూడాల్సింది ఏ మూల క్రమం ప్రకారం లెక్కపెట్టారన్నది.