కార్డు మీద మీగడ, గోడ మీద పసుపు

ఐవరీ, క్రీమ్, చందనం... పేరేదైనా ఫిర్యాదు ఒక్కటే. "షేడ్ కార్డులో లేతగానే ఉంది, గదంతా వేశాక పసుపు కొడుతోంది." చెన్నై టి.నగర్‌ నుంచి ఒక పాఠకురాలు అడిగిందీ ఇదే. షాపువాళ్లు డబ్బా మార్చేశారేమోనని ఆవిడ అనుమానం. మార్చనక్కర్లేదు, వెలుగే ఆ పని చేస్తుంది.

కార్డుకి తగిలిన వెలుగు నేరుగా కంటికొస్తుంది. గదిలో అయితే ఒక గోడకి తగిలి, ఎదుటి గోడకి పోయి, మళ్లీ వెనక్కొస్తుంది. క్రీమ్ రంగులో తెలుపు టైటానియం డయాక్సైడ్‌ది, అందులోని వెచ్చదనం, అంటే ఆ పసుపు ఛాయ, ఎక్కువగా పసుపు ఐరన్ ఆక్సైడ్‌ది. ఈ ఆక్సైడ్ నీలాన్ని మింగుతుంది, ఎరుపుని పెద్దగా ముట్టుకోదు. ఒక గోడ ఎరుపులో నూటికి 85, నీలంలో 65 తిప్పి పంపుతుందనుకోండి. రెండోసారి తగిలాక మిగిలేది 72, 42. మూడోసారికి 61, 27. అంటే నీలం ఎరుపులో సగం కూడా లేదు. అచ్చం చక్రవడ్డీ, కాకపోతే కోత మీద కోత. ఈ విడతలన్నీ కలిసే మన కంట పడతాయి. నమ్మకం లేకపోతే క్రీమ్ గది మూలకేసి చూడండి: రెండు గోడలు కలిసేచోటికి పోయేకొద్దీ రంగు చిక్కబడుతుంది.

కిటికీలు, ముదురు గచ్చు వెలుగుని బయటికి పంపో, మింగేసో ఈ గొలుసుని తెంపుతాయి. కిటికీ చిన్నదై, గచ్చు కూడా క్రీమ్ టైల్సే అయితే పసుపు మరీ పెరుగుతుంది. ఎదురు బిల్డింగు నాలుగడుగుల్లో ఉంటే దాని రంగూ లోపలికొస్తుంది.

అందుకని షేడ్ కార్డు స్ట్రిప్‌లో నచ్చినదాని కంటే ఒకటి రెండు మెట్లు లేతది ఎంచుకోండి. రెండడుగుల అట్టలు రెండు తీసుకుని, ప్రైమర్ మీద రెండు కోట్లు వేసి, ఆరాక ఎల్ ఆకారంలో నిలబెట్టండి. అసలు రంగు ఆ లోపలి మూలలో కనిపిస్తుంది. పాత గోడ మీదే చిన్న చారలు వేసి చూస్తే పక్కనున్న పాత రంగు కంటిని మోసం చేస్తుంది.

వాస్తువాళ్లు దిక్కుకో రంగు చెబుతారు. దిక్కు ముఖ్యమే, గ్రహాల వల్ల కాదు, ఎండ కోణం వల్ల. ఉత్తరపు గది చల్లన, వెచ్చటి రంగు వేయండి అనే సలహా యూరప్ ఇళ్లకి పుట్టింది. చెన్నై 13 డిగ్రీల అక్షాంశంలో ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు, ఉదయం సాయంత్రం ఏటవాలు ఎండ ఉత్తరపు కిటికీలోకి నేరుగా పడుతుంది.

రాత్రి సంగతి వేరు. బల్బు డబ్బా మీద కెల్విన్ అంకె ఎంత పెద్దదైతే వెలుగు అంత తెల్లన, ఎంత చిన్నదైతే అంత పసుపు. 6500 కెల్విన్ ఎల్ఈడీ వెలుగులో నీలం 450 నానోమీటర్ల దగ్గర ఎత్తుగా లేస్తుంది. క్రీమ్ మింగేది సరిగ్గా దాన్నే, గోడ బూడిదగా పాలిపోతుంది. 3000 కెల్విన్‌లో పసుపు ముదురుతుంది. 4000 మధ్యేమార్గం. బల్బు ముందు కొని, అట్టని దాని కింద కూడా చూడండి.

కొత్త ప్లాస్టర్ 28 రోజులైనా ఆరనిదే పుట్టీ జోలికి పోవద్దు. గోడలో తేమ ఉంటే ఈశాన్య రుతుపవనం వచ్చేసరికి ఉప్పు పొంగి పుట్టీ లేస్తుంది. 10×12 గదికి, ఎత్తు పదడుగులైతే, తలుపూ కిటికీ పోను దాదాపు 400 చదరపు అడుగులు. నున్నటి పుట్టీ మీద రెండు కోట్లకి లీటరు ఎమల్షన్ 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది కాబట్టి నాలుగు లీటర్ల డబ్బా చాలు. రెండు డబ్బాలు కావాలంటే ముందే ఒకే బకెట్లో కలిపేయండి. షాపులో రంగు కలిపే టింటింగ్ మెషిన్‌లో ఒక చుక్క తేడా వచ్చినా ఇలాంటి లేత రంగుల్లో గోడ మధ్యలో గీత గీసినట్టు తెలిసిపోతుంది.