సర్కారు కట్టడాలపై శాసనసభ నిఘా: విశాఖలో తరచూ వినే అపోహలు, ఫైళ్లలో కనిపించే వాస్తవాలు

పర్యాటకాభివృద్ధి సంస్థ ఋషికొండ మీద కట్టిన భవనాల గురించి ఏదో ఒక అభిప్రాయం లేని మనిషి విశాఖలో దొరకడం కష్టం. ఎంత ఖర్చయింది, ఎవరి కోసం కట్టారు, ఎవరు ఒప్పుకున్నారు అని ఊరంతా అడుగుతూనే ఉంది. అడగాల్సిందే. కానీ "మరి అసెంబ్లీ ఏం చేస్తోంది?" అన్న చోటికి వచ్చేసరికి మాట దారి తప్పుతోంది. నేను రోడ్లు, భవనాల శాఖలో బిల్డింగ్స్ డివిజన్ ఇంజనీరుగా పనిచేశాను. ఆడిట్ పేరాలకు (ఖర్చుల తనిఖీలో రాసిన అభ్యంతరాలకు) జవాబులు రాయడం, సర్కారు ఖర్చును పరిశీలించే శాసనసభ్యుల పబ్లిక్ అకౌంట్స్ కమిటీ (పీఏసీ) ముందుకు వెళ్లే పై అధికారులకు కాగితాలు సిద్ధం చేయడం నా ఉద్యోగంలో పెద్ద భాగమే. ఆ పని చేస్తూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పీఏసీ అంటే ప్రభుత్వాన్ని కొట్టడానికి ప్రతిపక్షం చేతికిచ్చిన కర్ర.

వాస్తవం: కమిటీ తన ఇష్టం వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టదు. కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదిక గవర్నరుకు అందుతుంది, ఆయన దాన్ని శాసనసభ ముందు పెట్టిస్తారు. రాజ్యాంగం 151వ అధికరణం చెప్పేది ఇదే. ఆ నివేదికలోని పేరాలే పీఏసీకి ముడిసరుకు. సాక్షిగా వచ్చి జవాబు చెప్పేది మంత్రి కాదు, శాఖ కార్యదర్శి. ఆయన పక్కన ఇంజనీర్ ఇన్ చీఫ్ కూర్చుంటారు. వాళ్ల వెనక వరసలో ఫైళ్లు పట్టుకుని మాలాంటివాళ్లం ఉంటాం. లోపల ఏం జరిగిందో నివేదిక సభకు చేరేదాకా బయటపెట్టకూడదు. టీవీ కెమెరాలు లేని గది కావడం వల్లనే కావచ్చు, పార్టీలు వేరైనా అక్కడ సభ్యులు అడిగే ప్రశ్నలు చాలాసార్లు ఒకేలా ఉంటాయి.

చైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీయే తప్ప నిబంధన కాదు. పార్లమెంటులో అది 1967 నుంచి నడుస్తోంది. మన రాష్ట్రంలో 2024 నవంబరులో ప్రతిపక్షానికి సంఖ్యాబలం చాలక, ఆ పదవి భీమవరం జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులుకు దక్కింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా సరే, ప్రతిపక్షం బలం ఎంత తక్కువైనా సరే, ఆ కుర్చీ ప్రతిపక్షానికే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. లెక్క చెప్పేవాడూ అడిగేవాడూ ఒకే గూటివాళ్లైతే జనానికి నమ్మకం కుదరదు.

అపోహ: ఆడిట్ అభ్యంతరం వచ్చిందంటే తప్పు రుజువైపోయినట్టే.

వాస్తవం: అభ్యంతరం అంటే ప్రశ్న మాత్రమే. ఆడిట్ బృందం డివిజన్ ఆఫీసుకు వచ్చి ముందు మెమో ఇస్తుంది. దానికి సరైన కాగితం చూపిస్తే విషయం అక్కడికక్కడే ముగుస్తుంది. ముగియకపోతే ఇన్‌స్పెక్షన్ రిపోర్టులోకి, అందులో బరువైనవి డ్రాఫ్ట్ పేరాలుగా ప్రభుత్వానికి, అప్పటికీ జవాబు చాలకపోతే కాగ్ నివేదికలోకి వెళ్తాయి. కమిటీ గదిదాకా వచ్చిన పేరా ఇన్ని జల్లెడలు దాటి వచ్చిందన్నమాట. అందుకే పత్రికలో "ఆడిట్ అభ్యంతరం" అని చదివినప్పుడు అది ఏ దశలోనిదో చూడాలి. మెమో దశలో ఉన్నదాన్ని కుంభకోణం అనకూడదు, పీఏసీ సిఫార్సు దాకా వెళ్లినదాన్ని మామూలు అభ్యంతరమేనని కొట్టిపారేయనూ కూడదు.

అపోహ: అంచనా కంటే ఖర్చు పెరిగిందంటే ఎవరో తిన్నట్టే.

వాస్తవం: తినే సందర్భాలు లేవని నేను అనను. కానీ కమిటీల ముందుకొచ్చిన పేరాల్లో ఎక్కువభాగం ఇంతకంటే సాదాగా ఉంటాయి, అంతకంటే విచారం కలిగిస్తాయి. ఒక ఉదాహరణ చెబుతాను. సముద్రానికి దగ్గర్లో ఒక హాస్టల్ బ్లాకు. అంచనాలో మామూలు ఫుటింగులు (తక్కువ లోతు పునాదులు) రాశారు. గోతులు తవ్వితే కింద ఉన్నది ఎప్పుడో పూడ్చిన చెరువు మట్టి. ఫుటింగులు నిలవవు, పైల్స్ (నేలలోకి లోతుగా దించే పునాది స్తంభాలు) వేయాలి. పైల్స్ అగ్రిమెంటులో లేవు కనుక ఎక్స్‌ట్రా ఐటెమ్, దానికో కొత్త రేటు, సప్లిమెంటరీ అగ్రిమెంటు, గడువు పొడిగింపు, చివరికి రివైజ్డ్ ఎస్టిమేటు. జవాబులో "ఊహించని నేల పరిస్థితులు" అని రాసి పంపారు. దాన్ని చదివిన ఒక సభ్యుడు రెండే అడిగారు: బోర్‌హోల్ రిపోర్టు (నేల పరీక్ష నివేదిక) తేదీ ఎంత? టెక్నికల్ శాంక్షన్ (డిజైనుకూ అంచనాకూ ఇచ్చే సాంకేతిక ఆమోదం) తేదీ ఎంత?

రిపోర్టు తేదీ శాంక్షన్ తర్వాతిది. అంటే నేల పరీక్ష చేయించకుండానే డిజైనూ అంచనా ఖాయం చేశారు. "ఊహించని" అన్న మాట అక్కడ నిలబడలేదు. ఇందులో ఎవరూ లంచం తీసుకోనక్కర్లేదు. ప్రజాధనం మాత్రం పోయింది, అదీ రెండు రకాలుగా: పైల్స్‌కు టెండరులో పోటీ రేటు రాలేదు, పిల్లలు ఇంకో విద్యా సంవత్సరం అద్దె గదుల్లో గడిపారు. మంచి పరిశీలన అంటే ఇలాంటి రెండు తేదీలను పక్కపక్కన పెట్టడమే. ఆ ప్రశ్న వేసిన సభ్యుడికి ఇంజనీరింగ్ చదువు లేదు. ఫైలు మాత్రం మొదటి పేజీ నుంచి చదివి వచ్చారు.

గడువు పొడిగింపులూ ఇంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరిని ఎలా చిదిమేసిందో అందరికీ తెలుసు. ఆ తుపానుకు నిజంగా దెబ్బతిన్న పనులకు గడువు ఇవ్వడం న్యాయం. కానీ సెప్టెంబరు నాటికే షెడ్యూలులో సగం వెనకబడిన పనికి కూడా "తుపాను కారణంగా" అని రాస్తే, జరిమానా కట్టాల్సిన కాంట్రాక్టరు బయటపడతాడు. ఏ రోజు ఏ పని ఆగింది, కాంట్రాక్టరు ఆ వారంలోనే నోటీసు ఇచ్చాడా, సైటులో పోయిన సామగ్రి ఎంత అని అడిగితే నిజం బయటికొస్తుంది.

తమ సొంత భవనం విషయంలో చట్టసభలే ఇరుక్కున్న సందర్భమూ ఉంది. స్కాట్లండ్ పార్లమెంటు హోలీరూడ్‌లో తన భవనం కట్టుకుంది. 1997లో అనుకున్న ఖర్చు 1 కోటి నుంచి 4 కోట్ల పౌండ్లు. 2004లో తెరిచేసరికి 41 కోట్లు దాటింది. దానిపై లార్డ్ ఫ్రేజర్ విచారణ జరిపి, ఒక్క దోషి అంటూ ఎవరూ లేరని తేల్చారు. ఖర్చు పెరిగే ముప్పంతా కట్టించుకునేవాళ్ల మీదే పడే తరహా కాంట్రాక్టును ఎంచుకున్నారని, ఆ సంగతి మంత్రులకు చెప్పనేలేదని రాశారు. డిజైను పూర్తికాకుండా పని మొదలుపెట్టడం, ఎవరు నిర్ణయం తీసుకున్నారో స్పష్టంగా రాయకపోవడం అక్కడా ఇక్కడా ఒకే రకం నష్టం చేస్తాయి.

అపోహ: టెండరు పారదర్శకంగా జరిగితే మిగతాదంతా సవ్యంగానే ఉంటుంది.

వాస్తవం: జనం కళ్లు, పత్రికల కళ్లు టెండరు మీదే ఉంటాయి. అక్కడ నిబంధనలు గట్టివే. మన రాష్ట్రంలో 2003 నాటి 94వ నంబరు జీవో నుంచి అంచనా విలువకు 5 శాతం మించి కోట్ చేస్తే టెండరు ఒప్పుకోకూడదు. కానీ డబ్బు జారిపోయేది ఎక్కువగా టెండరుకు ముందు అంచనాలో, టెండరు తర్వాత ఎం-బుక్‌లో.

ఎం-బుక్ అంటే మెజర్‌మెంట్ బుక్. సైటులో అసిస్టెంట్ ఇంజనీరు కొలిచి రాస్తారు, డిప్యూటీ ఇంజనీరు చెక్ మెజర్ చేస్తారు (మళ్లీ కొలిచి సరిచూస్తారు), దాని ఆధారంగానే బిల్లు పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకు వెళ్తుంది. తవ్వకానికి ముందు నేల లెవెల్స్ ఆ రోజే రాసి కాంట్రాక్టరు సంతకం తీసుకోకపోతే, ఎంత మట్టి తీశారో తర్వాత దేవుడు కూడా చెప్పలేడు. స్లాబులో కట్టిన ఇనుము కూడా అంతే. కాంక్రీటు పోయకముందు రాసిన కొలతే సాక్ష్యం. ఐఎస్ 456 అనే కాంక్రీటు ప్రమాణం ప్రకారం తీరప్రాంత వాతావరణంలో ఆర్‌సీసీకి (ఇనుము వేసిన కాంక్రీటుకు) కనీసం ఎం30 గ్రేడు బలం, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ ఉండాలి. లోపలి జిల్లాల కోసం చేసిన అంచనాను తెచ్చి విశాఖలో అతికిస్తే టెండరు ఎంత నిజాయతీగా జరిగినా కొన్నేళ్లకే కడ్డీలు తుప్పుపట్టి పెచ్చులు రాలతాయి. అప్పుడు మరమ్మతుల పేరుతో మళ్లీ డబ్బు. కమిటీలు ఇంకా సరిగా పట్టుకోని చోటు ఇదేనని నా ఉద్దేశం.

అపోహ: భవనం పూర్తయితే ఇక అడగడానికి ఏమీ ఉండదు.

వాస్తవం: వాడకంలోకి రాని భవనం మీద పెట్టిన ఖర్చును ఆడిట్ నిష్ఫల వ్యయం కింద రాస్తుంది. హనుమంతవాకలోని విమ్స్ ఆసుపత్రి ఏళ్ల తరబడి సాగి 2016లో గానీ తెరుచుకోలేదు. ఋషికొండ భవనాలకు 2024 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగినా చాలాకాలం ఖాళీగానే ఉండిపోయాయి. కట్టాలా వద్దా అన్నది విధాన నిర్ణయం, దాని జోలికి సభా కమిటీలు పోవు. కట్టినదానివల్ల అనుకున్న ప్రయోజనం నెరవేరిందా అన్నది మాత్రం కచ్చితంగా వాటి పరిధిలోనిదే.

అపోహ: అన్ని సర్కారు కట్టడాలనూ ఒకే కమిటీ చూస్తుంది.

వాస్తవం: ఎవరి డబ్బు, ఎవరు కట్టించారు అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. రోడ్లు, భవనాల శాఖ నేరుగా కట్టినది పీఏసీకి వస్తుంది. ప్రభుత్వ కార్పొరేషన్లు కట్టినవి పబ్లిక్ అండర్‌టేకింగ్స్ కమిటీకి. ఋషికొండ పర్యాటకాభివృద్ధి సంస్థ పని కాబట్టి ఈ కోవలోకి వస్తుంది. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పనులను ముందుగా స్టేట్ ఆడిట్ శాఖ తనిఖీ చేస్తుంది. ముడసర్లోవలో 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేసిన రైల్వే జోన్ ప్రధాన కార్యాలయం గురించి అడగాల్సింది మన ఎమ్మెల్యేని కాదు, ఎంపీని.

అపోహ: కమిటీ నివేదికలు బుట్టలోకే పోతాయి, ఎవరికీ ఏమీ కాదు.

వాస్తవం: ఈ మాటలో సగం నిజముంది, నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఆ సగమే. కమిటీ శిక్ష వేయదు, సిఫార్సు చేస్తుంది. కాగ్ నివేదిక సభలో పెట్టిన 3 నెలల్లో శాఖ వివరణ ఇవ్వాలి. పీఏసీ సిఫార్సు వచ్చిన 6 నెలల్లో తీసుకున్న చర్యల నోట్ పంపాలి. నిబంధన ఉంది. అమలులో ఏళ్లు గడుస్తాయి. ఈలోగా పని చేయించిన ఇంజనీరు రిటైరవుతారు. మన పింఛను నియమాల్లోని 9వ నియమం ప్రకారం, రిటైరైన వ్యక్తిపై 4 ఏళ్లకు మించిన పాత విషయం మీద కొత్తగా శాఖాపరమైన చర్య మొదలుపెట్టడానికి వీల్లేదు. కాంట్రాక్టరు డిపాజిట్టు అప్పటికే వాపసు తీసుకుని ఉంటాడు. కమిటీ ఎంత పదునైన ప్రశ్న వేసినా పట్టుకోవడానికి మనిషీ ఉండడు, డబ్బూ ఉండదు. పీఏసీకి కొత్త అధికారాలు కావాలని కొందరంటారు. నాకైతే ముందు ఆ 3 నెలలు, 6 నెలల గడువులు నిజంగా పాటించేలా చేసి, జవాబు ఇవ్వని శాఖల పేర్లు ప్రతి సమావేశంలో సభలో చదివించాలనిపిస్తుంది.

అయినా కమిటీ పని పూర్తిగా వృథా కాదు. ఒక పేరా గట్టిగా చర్చకు వచ్చిన తర్వాత డివిజన్ ఆఫీసుల్లో రాత మారడం నేను కళ్లారా చూశాను. హాస్టల్ బ్లాకు సంగతి తెలిసిన చోట, నేల రిపోర్టు జతచేయని అంచనా మీద సంతకం పెట్టడానికి అధికారులు ఒప్పుకోవడం మానేశారు.

అపోహ: ఇందులో మామూలు పౌరుడు చేసేదేమీ లేదు.

వాస్తవం: సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 2(జె) మీకు కాగితాల నకళ్లే కాదు, జరుగుతున్న పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడుతున్న సామగ్రి నమూనాలు ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా ఇచ్చింది. కమిటీ ముందు నడుస్తున్న చర్చల వివరాలు సభాహక్కుల పేరుతో ఇవ్వకపోవచ్చు, సెక్షన్ 8లో ఆ మినహాయింపు ఉంది. కానీ అంచనా, అగ్రిమెంటు, ఎం-బుక్ డివిజన్ ఆఫీసు కాగితాలు. వాటికి ఆ అడ్డు లేదు. మీ వీధిలో ప్రభుత్వ పాఠశాలకో ఆసుపత్రికో అదనపు బ్లాకు లేస్తుంటే స్లాబు పడకముందే దరఖాస్తు పెట్టండి. అందులో బోర్‌హోల్ రిపోర్టు, టెక్నికల్ శాంక్షన్, వాటి తేదీలు, కాంక్రీటు గ్రేడు, క్యూబ్ పరీక్షల (కాంక్రీటు బలం చూసే పరీక్షల) ఫలితాలు, ఇప్పటిదాకా ఇచ్చిన గడువు పొడిగింపులు, వాటికి రాసిన కారణాలు అడగండి. జిల్లా స్థాయి కార్యాలయంలో రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ శాఖలోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు వేయండి. వచ్చిన జవాబు నకలు మీ ఎమ్మెల్యేకి ఇచ్చి, సభలో లిఖితపూర్వక ప్రశ్నగా వేయమని అడగండి.