రెప్ప వాలిన కంటికి ఆపరేషన్: ఫలితం ముందే ఎంత తెలుస్తుంది?

అపోహ: రెప్ప ఎంత లేస్తుందన్నది డాక్టర్ హస్తవాసి మీదే ఉంటుంది.

వాస్తవం: అంతకన్నా ముందు రెప్పను లేపే లివేటర్ కండరంలో ఎంత బలం మిగిలిందో చూడాలి. ఆ కొలతకు మిల్లీమీటర్ల స్కేలు చాలు. కనుబొమ్మను బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టి, ముందు పూర్తిగా కిందికి, తర్వాత పూర్తిగా పైకి చూడమంటాం. రెప్ప అంచు కదిలిన దూరమే కండరం బలం. కనుబొమ్మను సరిగా నొక్కకపోతే నుదురు సాయం చేసి కొలత ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మితే ఎంచుకున్న ఆపరేషనే తప్పవుతుంది.

12 మి.మీ. పైన ఉంటే మామూలే. 8 లేదా అంతకు ఎక్కువైతే కండరాన్ని బిగిస్తే చాలు, ఫలితం అంచనాకు దగ్గరగా వస్తుంది. 5 నుంచి 7 అయితే ఎక్కువ బిగించాలి, ఫలితం కాస్త అటూ ఇటూ అవుతుంది. 4 లేదా అంతకు తక్కువైతే సాధారణంగా సిలికాన్ దారంతోనో, తొడ నుంచి తీసిన పొరతోనో రెప్పను నుదుటి కండరానికి కలుపుతాం. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు మీ కొలత ఎంతో తప్పకుండా అడగండి.

అపోహ: రెండో కంటికి ఏమీ కాదు.

వాస్తవం: మెదడు రెండు రెప్పలకూ ఒకే ఆజ్ఞ పంపుతుంది. వాలినదాన్ని సరిచేశాక బాగున్న రెప్ప కొంత దిగొచ్చు. వాలిన రెప్పను వేలితో ఎత్తి పట్టి రెండోదాన్ని గమనిస్తే ఇది ముందే తెలుస్తుంది.

అపోహ: నిద్రలో కన్ను కొంచెం తెరుచుకుని ఉంటే ఆపరేషన్ చెడిపోయినట్టే.

వాస్తవం: పుట్టుకతో వాలిన రెప్పలో కండరం బిగుసుకుపోయి ఉంటుంది. పైకి సరిగా లాగలేదు, కిందికి సరిగా సడలదు. అందుకే ఎత్తిన రెప్ప నిద్రలో పూర్తిగా మూసుకోదు, ఈ సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. కన్ను మూసినప్పుడు గుడ్డు పైకి తిరగకపోయినా, కన్ను పొడిబారినా రెప్పను కావాలనే తక్కువ ఎత్తుతాం, లేకుంటే నల్లగుడ్డు పుండు పడుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ఘాటులో పనిచేసేవాళ్లు ఆ పని సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. రాత్రి కంట్లో ఆయింట్‌మెంట్ తప్పదు, కూలర్ గాలి ముఖానికి తగలకూడదు.

అపోహ: పిల్లలు పెద్దయ్యాక చూద్దాం.

వాస్తవం: రెప్ప కంటిపాపను కప్పేస్తే ఆగకూడదు, చూపు మందగిస్తుంది. అప్పటికే మందగించిన చూపు రెప్ప ఎత్తినంత మాత్రాన రాదు, అద్దాలు, బాగున్న కంటికి ప్యాచ్ కూడా కావాలి.

వాపు తగ్గి రెప్ప కుదురుకోవడానికి 6 వారాల నుంచి 3 నెలలు పడుతుంది.

పొద్దున బాగుండి సాయంత్రానికి వాలే రెప్పకు ముందు మయస్తీనియా (కండరాలు త్వరగా అలసిపోయే జబ్బు) పరీక్షలు చేయాలి, ఆపరేషన్ సంగతి ఆ తర్వాతే. రెప్ప ఉన్నట్టుండి వాలి, తలనొప్పి, రెండుగా కనిపించడం, కంటిపాప పెద్దదవడం కూడా ఉంటే మెదడు రక్తనాళం ఉబ్బి ఉండొచ్చు. ఓపీ రోజు కోసం ఆగకుండా వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద దవాఖాన అత్యవసర విభాగానికి వెంటనే వెళ్లండి.