మూడు పొరల ఐస్‌క్రీమ్

చిరంజీవులకు,

"తాతయ్యా, ఎలాగూ అన్నీ గడ్డకట్టేవే కదా, మూడు రంగులూ ఒకేసారి పోసేస్తే ఏం?" అని మొన్న అడిగారు. పోసి కూడా చూశారు. పొరలు రాలేదు సరికదా, అంతా కలిసిపోయి బురద రంగు తేలింది. తెల్లారితే చుట్టాలు! మీ టెన్షన్ చూసి నాకూ బాధేసింది.

మట్టిగోడ పెట్టడం చూశారా? ఒక వరస పెట్టి, అది బిగిసేదాకా ఆగి, పైన ఇంకోటి పెడతారు. నాకు పదేళ్లప్పుడు మా నాన్న గోడ పెడుతూ అన్నానికి వెళ్లాడు. సాయం చేద్దామని పచ్చి వరస మీదే ఇంకో రెండు వరసలు పెట్టేశాను. ఆయన వచ్చేసరికి గోడ కూలబడి ఉంది. నాన్న తిట్టలేదు. ఆ మట్టినే మళ్లీ తొక్కి, "నువ్వే పెడుదువుగాని, రేపు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. ఆగడమూ పనిలో భాగమేనని నాకు తెలిసింది అప్పుడే. మీరూ అలవాటు చేసుకోండి.

డబ్బాలో ముందు ప్లాస్టిక్ కాగితం అంచులు బయటికి వచ్చేలా పరవండి. తర్వాత తీయడం సులువు. మొదటి పొర వేసి 1 లేదా 2 గంటలు ఫ్రీజర్లో ఉంచండి. వేలితో నొక్కితే దిగకూడదు, కొంచెం జిగురుగా మాత్రం తగలాలి. రెండో పొర ఐస్‌క్రీమ్‌ను 10 నిమిషాలు బయట ఉంచి, గరిటెతో పరిచేంత మెత్తబడ్డాక వేయండి. పూర్తిగా కరిగిందాన్ని పోస్తే కింది పొరనూ కరిగిస్తుంది. పైగా కరిగి మళ్లీ గడ్డకట్టింది నాలుక మీద గరగరలాడుతుంది.

గోడ మరీ ఎండినా కొత్త మట్టి పట్టదు. నాన్న నీళ్లు చిలకరించేవాడు. ఇక్కడా అంతే, కింది పొర మీద మంచు పొడి పేరుకుంటే పైది అతకదు, కోసేటప్పుడు ఊడి వస్తుంది. ఆ పొడి తుడిచేసి, రెండు నిమిషాలు ఆగి వేయండి.

చివరి పొర పడ్డాక పైన గాలి తగలకుండా కప్పి, రాత్రంతా వదిలేయండి. అందుకే చుట్టాలు ఆదివారం వస్తుంటే శుక్రవారమే మొదలుపెట్టమంటాను. వాళ్లొచ్చాక హడావిడి ఉండదు, కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. కోసే చాకును వేడినీళ్లలో ముంచి తుడిస్తే గీతలు శుభ్రంగా వస్తాయి.

గోడలోని నీరు ఆరిపోతుంది. ఐస్‌క్రీమ్‌లో నీరు ఎక్కడికీ పోదు, లోపలే కంటికి కనపడనంత చిన్న మంచు పలుకులవుతుంది. ఇంకో వింత, ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల్లో ఉన్నా ఆ నీరంతా గడ్డకట్టదు. చక్కెర కొంత నీటిని గట్టిపడనివ్వదు. ఎలా అంటే, మాటల్లో చెప్పడం కంటే చూస్తేనే బాగుంటుంది. ఈ రాత్రి ఒక గిన్నెలో మంచినీళ్లు, ఇంకో గిన్నెలో బాగా చక్కెర కలిపిన నీళ్లు ఫ్రీజర్లో పెట్టండి. పొద్దున్నే రెండింట్లోనూ చెంచా గుచ్చి, ఏది దిగిందో నాకు రాయండి.

మీ తాతయ్య