మేలా, ముచ్చటా? పిల్లల ఒంటిపై చెరగని గుర్తుల వెనక కథ

చెన్నై టీనగర్‌లోనో నుంగంబాక్కంలోనో కాస్త పేరున్న టాటూ దుకాణానికి వెళ్తే సూది కన్నా ముందు ఒక ఫారం చేతికిస్తారు. ఇష్టపడే వేయించుకుంటున్నానని సంతకం పెట్టాలి. పెట్టింది పదహారేళ్ల పిల్లయితే ఆ కాగితం చిత్తుతో సమానం. 1872 కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ మైనరుకి ఒప్పందం చేసుకునే అర్హత ఇవ్వలేదు. అలాంటి ఒప్పందం మొదటినుంచే చెల్లదని 1903లో మొహిరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకి ఆఖరి అప్పీలు వినే లండన్ న్యాయపీఠం) తేల్చేసింది. మరి పక్కనే అమ్మ కూడా సంతకం పెడితే?

దీనికి జవాబు 1860 నాటి శిక్షాస్మృతిలో ఉంది. పద్దెనిమిది దాటినవాళ్లు ఒప్పుకుంటే, ప్రాణానికో తీవ్రమైన గాయానికో దారితీయని హాని నేరం కాదంటుంది 87వ సెక్షన్. సరదాకి కత్తిసాము చేసే ఇద్దరిని ఉదాహరణగా చూపిస్తుంది. తల్లిదండ్రుల సమ్మతికి చోటిచ్చేది 89. అయితే అది పన్నెండేళ్లలోపు పిల్లలకే, అదీ బిడ్డ మేలు కోసం చేసిన పనికే. ఆ 'మేలు' ఏమిటో 92 కింద ఒక్క వాక్యంలో వివరణ ఉంది: వట్టి డబ్బు లాభం మేలు కాదు. 2024 జూలై 1 నుంచి ఇవే భారతీయ న్యాయ సంహితలో 25, 27, 30 సెక్షన్లయ్యాయి. పదహారేళ్ల పిల్ల టాటూకి అమ్మ పెట్టే సంతకం వీటిలో దేనిలోనూ ఇమడదు.

డబ్బు గురించిన ఆ వాక్యం ఇటలీని ఉద్దేశించి రాసింది కాకపోయినా అక్కడి చరిత్రకి అతికినట్టు సరిపోతుంది. గొంతు మారకముందే, ఎనిమిది పదేళ్ల వయసులో, పాడి డబ్బు తెస్తారన్న ఆశతో మగపిల్లల వృషణాలు తీసేసి గాయకుల్ని తయారుచేసేవాళ్లు. స్వరపేటిక చిన్నదిగానే ఉండిపోయేది, ఎముకలు మాత్రం పొడుగు సాగేవి, ఛాతీ విశాలమయ్యేది. ఫారినెల్లి అనే గాయకుడిలా పేరూ డబ్బూ చూసింది ఏ కొద్దిమందో. ఆ కోత నిషిద్ధం కాబట్టి గుర్రం మీంచి పడ్డాడనో, పంది కరిచిందనో ఇంట్లోవాళ్లు చెప్పేవాళ్లు. 1770లో ఇంగ్లిష్ సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ ఈ కోత ఎక్కడ కోస్తారని ఆరా తీస్తే మిలాన్‌వాళ్లు వెనిస్‌ని చూపించారు, వెనిస్‌వాళ్లు బొలోన్యాని! ఆ గొంతుల్లో చివరివాడైన మొరెస్కీ 1922లో పోయాడు. 1902లోనూ 1904లోనూ రోములో అతను పాడిన రికార్డులు ఇప్పటికీ వినొచ్చు.

మద్రాసుకీ ఇలాంటి గతం ఉంది. దేవదాసిగా అంకితం చేసేటప్పుడు భుజాన ముద్ర వేసేవాళ్లు. విష్ణ్వాలయమైతే శంఖచక్రాలు, శివాలయమైతే త్రిశూలం. ఆటా పాటా నేర్పడం చిన్నతనంలోనే మొదలయ్యేది. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి 1927లో మద్రాసు శాసనమండలిలో ఈ ఆచారాన్ని ఆపాలని తీర్మానం పెట్టారు. దేవదాసీ కుటుంబంలో పుట్టిన గాయని బెంగళూరు నాగరత్నమ్మ వంటివాళ్లు ఎదురుతిరిగారు. వాళ్ల వాదన తీసిపారేసేది కాదు, పోయేది వాళ్ల కళా జీవనోపాధీ కాబట్టి. 1947 చట్టం మాత్రం ఆ స్త్రీ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అంకితం చేయడం చెల్లదంది.

వడపళని మురుగన్ గుడిలో మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి చెవులు కుట్టిస్తే ఎవరూ సెక్షన్లు వెతకరు. మామూలు మనిషి ఫిర్యాదు చేయనంత చిన్న హాని నేరం కాదనే పాత 95 (ఇప్పుడు 33) దానికి ఆసరా. ఆచారం అంతకన్నా పాతది. సుశ్రుతుడు 'రక్షకీ భూషణానికీ' అంటూ మేలునీ ముచ్చటనీ ఒకే మాటలో కలిపేశాడు: ఆరో ఏడో నెలలో, అబ్బాయికి ముందు కుడిచెవి, అమ్మాయికి ఎడమ, వెలుతురు కనబడే పల్చటి చోట కుట్టాలి. నరం తగిలితే జ్వరం, నొప్పి తప్పవని కూడా రాశాడు. కంసాలి ఇప్పటికీ రెండు తమ్మెలకీ సమంగా చుక్కలు పెట్టి, మొనతేలిన సన్నటి బంగారు తీగ గుచ్చి మెలితిప్పుతాడు. దుకాణాల్లో చెవులు కుట్టే స్ప్రింగ్ గన్ మొద్దు మొనతో కండని నలిపేస్తుంది, దాని ప్లాస్టిక్ ఒళ్లు ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) వేడికి తట్టుకోదు. తమ్మె మానుతుంది. పైనున్న మృదులాస్థికి చీము పడితే చెవి ఆకారమే కుంగిపోవచ్చు. మరీ అంచున కుడితే, పెద్దయ్యాక బరువు బుట్టలు పెట్టినప్పుడు తమ్మె చిరుగుతుంది.

టాటూకి అలాంటి ఆసరా దొరకడం కష్టం. సూది ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగాలి. పైపొరలోనే ఆగితే రంగు రాలిపోతుంది, మరీ లోతుకి పోతే గీత అలుక్కుపోతుంది. పన్నెండేళ్ల చేతి మీద వేసిన బొమ్మ ఆ చేయి పెరిగేకొద్దీ సాగుతుంది. తీయించుకోవాలంటే లేజరు, ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడంతో ఎన్నో విడతలు. చామనఛాయ చర్మానికి మచ్చ మిగిలే భయం ఎక్కువ. బ్రిటన్ 1969లోనే 18 లోపువాళ్లకి టాటూ వేయడాన్ని నేరం చేసింది, తల్లిదండ్రులు సరేనన్నా కుదరదు. ఇక్కడ మన సైన్యం లోముంజేతి మీదా అరచేతి వెనకా తప్ప మామూలు అభ్యర్థుల ఒంటి మీద శాశ్వత టాటూ ఒప్పుకోదు. పదిహేనేళ్లకి మెడ మీద పేరు రాయించుకున్న కుర్రాడికి ఆ సంగతి నియామక ర్యాలీలో చొక్కా విప్పినప్పుడు తెలుస్తుంది.